యథార్థంగా బతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? విశాఖ విశ్వాసులకు ఒక నోటుపుస్తకం పద్ధతి

“బ్రదర్, ఆఫీసులో అందరూ చేస్తున్నారు, నేనొక్కడినే చెయ్యకుండా ఎలా ఉండను?” “అన్నయ్యా, డబ్బులివ్వకపోతే ఫైలు కదలదు, ఏం చెయ్యమంటారు?” “ఎప్పుడో తీసుకున్నది ఇప్పుడు తిరిగివ్వాలా?” ఆరాధన అయ్యాక మందిరం బయట, యవ్వనస్థుల కూడికల్లో, ఫోన్లో ఈ మూడు ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ప్రసంగం జోలికి వెళ్లను. ఈ విషయం మీద ప్రసంగాలు మనం చాలానే విన్నాం.

అడిగేవాళ్లలో చాలామందికి మనసు ఉంది, మొదలుపెట్టే చోటు తెలియడం లేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో “ఇక అబద్ధమాడను” అని కన్నీళ్లతో తీర్మానం చేస్తారు. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి అది ఎటు పోయిందో తెలియదు. అంత పెద్ద తీర్మానంలో రేపు పొద్దున్న చెయ్యాల్సిన పని ఏదీ లేదు. అందుకే నేను చెప్పేది ఒక్కటే: లెక్కపెట్టగలిగిన దానితో మొదలుపెట్టండి. అంటే డబ్బు, అప్పు, ఇచ్చిన మాట.

ఇంకో సంగతి. లండన్ మిషన్ వాళ్లు 1805లో ఈ ఊరొచ్చి తెలుగులో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. రెండు వందల ఏళ్లు దాటింది కాబట్టి విశాఖలో మన పొరుగువాళ్లకు వాక్యం కొత్త కాదు. మనం అద్దె ఎప్పుడు కడుతున్నాం, పనిమనిషికి జీతం ఎప్పుడిస్తున్నాం అన్నదే వాళ్లు చూస్తారు.

కావలసినవి

- ఒక చిన్న నోటుపుస్తకం. ఫోన్లో రాసుకున్నది మనం మళ్లీ తెరిచి చూడం, కాబట్టి కాగితమే మంచిది.
- ఒక మనిషి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు. మిమ్మల్ని చూసి మొహమాటపడని వాళ్లయితేనే పనికొస్తారు. పాస్టరు గారే కానక్కర్లేదు. మీ కింద పనిచేసేవాళ్లు, మీకు అప్పున్నవాళ్లు మాత్రం వద్దు.
- పక్కన పెట్టిన కొంత డబ్బు. తిరిగివ్వడానికి మనసుతో పాటు డబ్బూ కావాలి. నెలకు 500 అయినా సరే.
- లేవీయకాండము 6, కీర్తన 15, లూకా 19 అధ్యాయాలు ఒక్కసారి చదవండి. మొదలుపెట్టడానికి ఇవి చాలు.

1. వారం రోజులు రాయండి, ఏదీ మార్చకండి

రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు కూర్చుని మూడు సంగతులు రాయండి. ఈ రోజు నిజం కానిది ఏం చెప్పాను? నాది కానిది ఏం వాడుకున్నాను? ఇస్తానని, చేస్తానని చెప్పి ఏం తప్పాను?

ఎలా ఉంటాయంటే: గోపాలపట్నంలో ఇంకా చెప్పులేసుకుంటూ ఫోన్లో “ఎన్ఏడీ దాటేశాను” అన్నారు. రైతుబజారులో కూరగాయలామె పొరపాటున 50 ఎక్కువ చిల్లరిస్తే జేబులో వేసుకున్నారు. సిటీ బస్సు కిక్కిరిసిపోయి కండక్టరు దాకా వెళ్లలేక, టికెట్ తీసుకోకుండానే జగదాంబలో దిగిపోయారు. పిల్లాడి స్కూలు ప్రాజెక్టు ఆఫీసు ప్రింటరులో తీశారు. “మీ కోసం ప్రార్థన చేస్తున్నాను” అని వాట్సాప్‌లో పెట్టారు, చెయ్యలేదు. అప్పులాయన ఫోన్ చేస్తే “డాడీ లేరని చెప్పు” అని పిల్లకు ఫోనిచ్చారు. ఈ చివరిది దొరికితే దాని కింద గీత పెట్టండి. ఆ ఒక్క మాటలో మీరు ఆడిన అబద్ధం కంటే పిల్లకు నేర్పిన పాఠం పెద్దది.

జాగ్రత్త: “నేను పాపిని, అయోగ్యుణ్ణి” అని రాయకండి. అది ప్రార్థనలో చెప్పుకోండి. పుస్తకంలో మాత్రం ఎవరికి, ఎక్కడ, ఎంత అన్నదే ఉండాలి. ఎదుటివాళ్ల తప్పులు ఒక్కటీ రాయకూడదు.

సరిగ్గా రాశారో లేదో చూసుకునే విధం: వారం తర్వాత పేజీలు ఖాళీగా ఉంటే మీకు కనబడలేదని అర్థం. ఇంట్లోవాళ్లను ఒకే ప్రశ్న అడగండి: “ఈ వారం నేను చెప్పిన ఏ మాట నువ్వు నమ్మలేదు?” జవాబు వచ్చాక వాదించకుండా రాసుకోండి.

2. ఒక్కటి ఎంచుకోండి

జాబితా చూడగానే అన్నీ ఒకేసారి సరిచెయ్యాలనిపిస్తుంది. అలా చేసినవాళ్లు రెండో వారానికి పుస్తకమే మూసేస్తారు. డబ్బుకు సంబంధించినది ఒక్కటి, అందులోనూ ఎవరిదో పేరు తెలిసినది, ఈ నెలలో తీర్చగలిగినది తీసుకోండి. డబ్బే ఎందుకంటే, తీరిందో లేదో స్పష్టంగా తెలిసిపోతుంది. ఓపిక పెరిగిందా, ప్రేమ పెరిగిందా అని మనల్ని మనం సులభంగా నమ్మించుకోగలం. 3,000 బాకీ ఉందా తీరిందా అన్న చోట ఆ వీలు లేదు.

3. తిరిగివ్వండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇది. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఎంతివ్వాలి? మోసం చేసి తీసుకున్నదానికి అసలు ఇచ్చి, దానిమీద అయిదోవంతు కలపమని లేవీయకాండము 6లో, సంఖ్యాకాండము 5లో ఉంది. లూకా 19లోని సుంకరి, అంటే పన్నులు వసూలు చేసే జక్కయ్య, నాలుగింతలు ఇస్తానన్నాడు. అది ఆయన సంతోషంతో అన్నమాట, మనందరికీ పెట్టిన రేటు కాదు. అయిదోవంతు పద్ధతి నాకు మంచిదనిపిస్తుంది, ఎందుకంటే మనం తీసుకున్నది మనకెప్పుడూ తక్కువగానే గుర్తుంటుంది. 3,000 తీసుకుంటే 3,600 ఇవ్వండి. మొత్తం గుర్తు లేకపోతే, మీరనుకునే లెక్కల్లో పెద్దదే తీసుకోండి.

ఏమని చెప్పాలి? వీలైనంత తక్కువ. “మీ దగ్గర పనిచేసినప్పుడు సామాను బిల్లులో 3,000 ఎక్కువ రాశాను. అది నా తప్పు. కొంచెం కలిపి తెచ్చాను, తీసుకోండి.” అంతే. “అప్పుడు జీతం సరిపోయేది కాదు”, “అందరూ రాసేవాళ్లు” అన్నారంటే క్షమాపణ పోయి వాదన మొదలవుతుంది. అక్కడే సువార్త చెప్పడం కూడా వద్దు. ఎందుకు తెచ్చావని ఆయన అడిగితే అప్పుడు చెప్పండి. చాలామంది అడుగుతారు.

ఆయన లేకపోతే? పిల్లలకు, వారసులకు ఇవ్వాలి. ఎవరూ లేరని గట్టిగా తేలాకే కానుకగానో, పేదలకో ఇవ్వాలి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు గురించి చెప్పి తీరాలి. మనిషి మొహం చూడలేక ఆ డబ్బు కానుకల సంచిలో వేసేసి, దేవునికిచ్చాను కదా అని తృప్తిపడతాం. మత్తయి 5లో యేసు ప్రభువు చెప్పిన వరుస దీనికి సరిగ్గా తిరగబడి ఉంది: అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడి దగ్గరకు వెళ్లాలి. పూర్ణా మార్కెట్ షావుకారుకు బాకీ ఉంటే మీరు వెళ్లాల్సింది పూర్ణా మార్కెట్‌కే.

ప్రభుత్వానికైతే? బస్సుకో రైలుకో ఎగ్గొట్టినది తేలికే. అంత విలువైన టికెట్ కొని, ప్రయాణం చెయ్యకుండా చింపెయ్యండి. ఆదాయపు పన్నులో దొంగ అద్దె రసీదులు పెట్టి ఉంటే పాత లెక్క సరిదిద్ది మళ్లీ దాఖలు చేసే అప్‌డేటెడ్ రిటర్న్ అనే దారి ఉంది. ఆలస్యాన్ని బట్టి అదనపు పన్ను 25 శాతం నుంచి మొదలవుతుంది. మీ ఆడిటరును అడిగితే ఏ సంవత్సరాలకు వీలుందో చెబుతారు. కరెంటు మీటరు వ్యవహారమైతే ఒంటరిగా వెళ్లకండి, ముందు వకీలును కలవండి. 2003 విద్యుత్ చట్టం కింద చౌర్యం నేరం. రాజీ రుసుము కట్టి పరిష్కరించుకునే వీలూ అదే చట్టంలో ఉంది. కేసు దాకా వెళ్లగలిగిన ఏ విషయానికైనా ఇదే వరుస పాటించండి. వకీలును అడగడం విశ్వాసం లేకపోవడం కాదు.

ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాలు అడగండి. తేదీ, మొత్తం కాగితం మీద రాసి ఇవ్వండి. “దేవుడు ద్వారం తెరిచినప్పుడు ఇస్తాను” అనకండి. అప్పిచ్చినవాడికి ఆ మాట ఎగవేతలాగే వినబడుతుంది, అలా వినబడటంలో ఆయన తప్పేమీ లేదు.

జాగ్రత్త: మీతో కలిసి తప్పు చేసినవాళ్ల పేర్లు బయటపెట్టకండి. మీ వంతు మీరు ఒప్పుకోండి. సంఘంలో లేచి సాక్ష్యం చెప్పడం కూడా తొందరపడి చెయ్యకండి. నష్టపోయిన మనిషికి తెలియకముందే మైకులో చెబితే ఆయనకు రెండోసారి అవమానం.

4. మాట

“మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను” అన్న వచనం మనందరికీ నోటికి వచ్చు. అమలు చెయ్యాలంటే పాత మాటల స్థానంలో కొత్త మాటలు సిద్ధంగా ఉండాలి, లేకపోతే నోరు అలవాటైన దారినే పోతుంది. కొన్ని ఇస్తున్నాను:

- “దారిలో ఉన్నాను” బదులు: “ఇంకా బయల్దేరలేదు, నలభై నిమిషాలు పడుతుంది.”
- “చూద్దాం, వస్తానులెండి” బదులు: “రాలేనండి.” కారణం చెప్పక్కర్లేదు. అబద్ధపు కారణాలన్నీ కారణం చెప్పి తీరాలన్న మొహమాటంలోంచే పుడతాయి.
- “లేనని చెప్పు” బదులు: “ఇప్పుడు మాట్లాడలేనని చెప్పు.”
- “ప్రార్థన చేస్తాను” బదులు: ఫోన్ పెట్టకముందే రెండు మాటలు ప్రార్థించండి. అప్పుడు మాట తప్పే అవకాశమే ఉండదు.
- అప్పు అడిగినవాళ్లకు “నా దగ్గర లేవు” బదులు: “ఉన్నాయి గానీ ఇవ్వలేను, వేరే పనికి పెట్టుకున్నాను.” ఇది చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. మొదటిసారి చెప్పినప్పుడు చెమట పడుతుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. నిజమే కదా అని మనసులోదంతా కక్కేస్తే అది యథార్థత కాదు. కోడలి వంట బాగాలేదని పదిమందిలో చెప్పమని ఏ లేఖనమూ అనలేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదు. అడిగినప్పుడు లేనిది చెప్పడమే అబద్ధం.

5. ఆఫీసు, ఫైళ్లు, లంచం

ముందు మనం చేసేవి. వేరేవాళ్ల హాజరు మనం వెయ్యడం, వెళ్లని ఊరికి ప్రయాణ బిల్లు, రాని జబ్బుకు మెడికల్ బిల్లు, సొంతింట్లో ఉంటూ అద్దె రసీదు. వీటిని ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ చెప్పనూ అక్కర్లేదు. వచ్చే నెల నుంచి పెట్టకండి.

పైవాళ్లు సంతకం పెట్టమన్నప్పుడే అసలు కష్టం. అప్పుడు బైబిల్ తియ్యకండి. “సార్, ఈ ఒక్క కాగితం నేను పెట్టలేను. ఇంకే పని చెప్పినా ఎంత రాత్రయినా చేసి వెళ్తాను” అనండి, అన్నట్టుగా చేసి చూపించండి. దానియేలు 6వ అధ్యాయంలో శత్రువులు ఎంత వెతికినా ఆయన పనిలో తప్పు దొరకలేదు. పనిలో బద్ధకంగా ఉండి నీతి విషయంలో మాత్రం గట్టిగా నిలబడేవాణ్ణి ఎవరూ గౌరవించరు. కాబట్టి ఈ మెట్టులో సగం పని టైముకు రావడం, ఒప్పుకున్నది పూర్తిచెయ్యడం.

ఇక లంచం ఇవ్వడం. మీకు హక్కు లేనిదాన్ని సంపాదించడానికి ఇచ్చే డబ్బు గురించి చర్చే వద్దు, అది మానెయ్యాలి. హక్కుగా రావాల్సినదానికి అడిగినప్పుడు ఇలా చెయ్యండి:

మొదట కాగితాలన్నీ పూర్తిచెయ్యండి. మనం ఇచ్చే లంచాల్లో చాలా భాగం మన తొందరకూ, సగం నింపిన దరఖాస్తుకూ కడుతున్న జరిమానాయే. పాస్‌పోర్టు, ఇంటి ప్లాను, పట్టా మార్పు లాంటివి అవసరం రాకముందే మొదలుపెట్టండి. డబ్బడిగితే “రసీదు ఇస్తారా సార్?” అని మర్యాదగా అడగండి. కొన్నిచోట్ల దీంతోనే ఆగిపోతుంది. ఆగకపోతే దరఖాస్తు లిఖితపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. సమాచార హక్కు చట్టం కింద నా ఫైలు ఎవరి దగ్గర ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. అదీ కాకపోతే ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064.

2018లో అవినీతి నిరోధక చట్టం మారింది. లంచం ఇవ్వడం కూడా ఇప్పుడు నేరమే. బలవంతాన ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోగా అధికారులకు తెలియజెయ్యాలి. “నేను బాధితుణ్ణి” అని ఇంట్లో చెప్పుకుంటే సరిపోదు.

నెలలు పట్టవచ్చు. పక్కవాడి పని అయిపోతుంది, మీది కాదు. దేవుడు దానికి బదులు రెండింతలిస్తాడని నేను చెప్పను. నష్టం వచ్చినా మాట తప్పనివాడి గురించి కీర్తన 15 చెబుతోంది, ఆ నష్టం నిజంగానే నష్టం. ఆస్పత్రిలో ప్రాణం మీదికొచ్చినప్పుడు స్ట్రెచర్ తోసేవాడి చేతిలో వంద పెట్టినవాళ్లు చాలామంది నా దగ్గర ఏడ్చారు. మీరు దొంగలు కారు. వాడు లాక్కున్నాడు. రోగి కుదుటపడ్డాక, ఆ 7 రోజులు దాటకుండా ఫిర్యాదు రాయండి.

6. కులధృవీకరణ పత్రం

ఇది రాయకుండా వదిలేస్తే సులువుగా ఉండేది. కానీ మన సంఘాల్లో ఎక్కువ కుటుంబాలను రాత్రిళ్లు నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకు మాత్రమే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు, వాళ్ల పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు, కిందికి వస్తారు. ఎస్టీలకు ఈ చిక్కు లేదు. మతం మారినంత మాత్రాన ఆ హోదా పోదు, కాబట్టి పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన విశ్వాసులు భయపడనక్కర్లేదు.

ఈ నిబంధన అన్యాయమని నేను నమ్ముతాను. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో వివక్ష ఆగదు. దీనిమీద సుప్రీంకోర్టులో 2004 నుంచి వ్యాజ్యం నడుస్తోంది, 2022లో కేంద్రం ఒక కమిషన్ కూడా వేసింది. అన్యాయాన్ని అన్యాయమని బయటికి చెప్పడం, అర్జీలు పెట్టడం, ఆ పోరాటానికి చందా ఇవ్వడం యథార్థతలో భాగమే.

మరి దరఖాస్తులో ఏం రాయాలి? కొత్తగా రాసేవాళ్లు ఉన్నది ఉన్నట్టు రాయండి, బీసీ-సీ పత్రం తీసుకోండి. అవకాశాలు తగ్గుతాయి, అది నిజం. కానీ పాతికేళ్ల ఉద్యోగమంతా ఎవరో ఫిర్యాదు చేస్తారేమో అని బతకడం, మందిరానికి దొంగచాటుగా రావడం, పెళ్లి పత్రికలో సిలువ గుర్తు వెయ్యడానికి భయపడటం, ఇవి కూడా ఖరీదే. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు కూడికలో విన్న ఒక ప్రసంగానికి కదిలిపోయి ఒక్కరోజులో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ముందు సర్వీసు విషయాలు తెలిసిన వకీలును, తర్వాత కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడండి.

ఈ భారం ఎప్పుడూ మొయ్యనివాళ్లకు, అంటే ఇతర కులాల నుంచి వచ్చిన విశ్వాసులకు, ఒక మాట. ఈ విషయంలో భారం మోస్తున్నవాళ్లకు నీతులు చెప్పకండి. వాళ్ల పిల్లల ఫీజు కట్టండి.

7. మన కింద ఉన్నవాళ్లు, మన కాటా

కూలివాడి కూలి తెల్లారేదాకా దగ్గర పెట్టుకోవద్దని లేవీయకాండము 19లో ఉంది. పనిమనిషి జీతం ఒకటో తారీఖున, మేస్త్రీ కూలి శనివారం సాయంత్రం. మీ జీతం ఆలస్యమైనా సరే. ఆటోనగర్‌లో, గాజువాకలో చిన్న యూనిట్లు నడిపేవాళ్లు పనివాళ్ల జీతంలోంచి పీఎఫ్ కోసి కట్టకుండా ఉంటే ఈ నెలే సరిచెయ్యండి. అది మీ డబ్బు కాదు.

దుకాణం ఉన్నవాళ్లు ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ముద్ర ఉన్న కిలో గుండు ఒకటి పెట్టుకుని రోజూ షాపు తెరవగానే కాటా మీద పెట్టి చూడండి. హార్బరులో వ్యాపారం చేసేవాళ్లు ఐసు నీళ్లతో సహా రొయ్యలు తూచకండి. వేటకు వెళ్లనివాళ్ల పేర్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట విరామం భృతి జాబితాలో రాయించకండి, చుట్టమైనా సరే.

8. సంఘం డబ్బు, సంఘంలో మాట

కొరింథులో పోగైన చందా విషయంలో పౌలు ఒక్కడే చెయ్యి పెట్టలేదు. ప్రభువు ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా సరిగ్గా ఉండాలని ఇంకొందరిని తోడు పెట్టుకున్నాడు (2 కొరింథీ 8). పౌలుకే అవసరమైతే మన కోశాధికారికి అవసరం లేదా?

కానుకలు ఆరాధన అయిన వెంటనే, అదే గదిలో, ఒక కుటుంబానికి చెందని ఇద్దరు లెక్కపెట్టాలి. మొత్తం రాసి ఇద్దరూ సంతకం చెయ్యాలి. సోమవారం బ్యాంకులో వెయ్యాలి. నెలాఖరున వచ్చినదీ ఖర్చయినదీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. మందిరం కట్టడానికి వచ్చింది దానికే వాడాలి, వేరేదానికి కావాలంటే సంఘాన్ని అడగాలి. లెక్క అడిగినవాణ్ణి తిరుగుబాటుదారుడనకండి. మీ సంఘంలో ఇవేవీ లేకపోతే గొడవ చెయ్యకుండా, లెక్కపెట్టడానికి సాయం చేస్తానని పాస్టరు గారిని అడగండి.

సాక్ష్యాలు పెంచి చెప్పకండి. మందులు వాడి తగ్గిన జ్వరాన్ని డాక్టరు చేతులెత్తేసిన జబ్బుగా చెబితే దేవునికి మహిమ రాదు. “ప్రార్థన చెయ్యండి” అంటూ ఎవరింటి గుట్టో గ్రూపులో పెట్టకండి. బియ్యం సంచి ఇస్తూ ఆ ముసలామె ఫొటో తీసి స్టేటస్ పెట్టే ముందు ఆమెను అడగండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

మనశ్శాంతి వచ్చిందా అని చూసుకోకండి. తిరిగివ్వడం మొదలుపెట్టిన కొత్తలో శాంతి కంటే టెన్షనే ఎక్కువ ఉంటుంది. నెలాఖరున ఆ ఒక్క మనిషితో గంటసేపు కూర్చోండి, రామకృష్ణా బీచ్ అయినా, ఏదైనా టీ కొట్టు అయినా సరే. పుస్తకం ఆయన చేతికివ్వండి, మీరు చదివి వినిపించకండి. చదివి వినిపిస్తే కొన్ని వరుసలు దాటేస్తాం. ఆయన అడగాల్సినవి మూడు: ఎంచుకున్నది తీరిందా? తీరినట్టు ఆధారం ఏది? ఈ పుస్తకంలో రాయనిది ఏమైనా ఉందా?

ఇంకో గుర్తు. ఇంట్లో మీ ఫోన్ ఎవరైనా తీసుకుంటే గుండె కొట్టుకునే వేగం మారుతోందా? మారితే రాయనిది ఉందన్నమాటే. మీ దగ్గర పనిచేసేవాళ్లను “నేనిస్తానన్న రోజున ఇచ్చానా?” అని అడగండి. మీతో మొహమాటపడేవాళ్లయితే ఇంకెవరి చేతనైనా అడిగించండి.

జారిపోయినప్పుడు ఆ రోజే సరిచెయ్యండి. “ఇందాక నేను చెప్పింది నిజం కాదు, అసలు సంగతి ఇది” అని అదే మనిషికి ఫోన్ చెయ్యండి. మూడు నాలుగు సార్లు ఇలా వెనక్కి ఫోన్ చెయ్యాల్సి వచ్చేసరికి నోరు దానంతటదే జాగ్రత్తపడుతుంది. పొరపాటున కూడా “మా బాస్‌లాగా నేను చెయ్యను” అని పదిమందిలో అనకండి. అన్న మర్నాటి నుంచి మీ ప్రతి అడుగూ లెక్కపెడతారు, బాస్ కూడా శత్రువవుతాడు.

చివరగా ఎక్కువమంది అడిగేది: భార్యో, భర్తో ఒప్పుకోకపోతే? తిరిగిచ్చే డబ్బు ఇంటి డబ్బే కాబట్టి వాళ్లకు చెప్పకుండా ఇవ్వడం కూడా తప్పే. మొదట పుస్తకం చూపించండి. అప్పటికీ కాదంటే పోట్లాడకండి. మీ టీ ఖర్చు, పెట్రోలు, కొత్త బట్టలు తగ్గించి ఆ మిగిలిన డబ్బుతో చిన్న బాకీ ఒకటి తీర్చండి. తీర్చి వచ్చిన రోజున ఏం జరిగిందో ఇంట్లో చెప్పండి. రెండో బాకీ గురించి అప్పుడు మాట్లాడండి.